సందేహాలు – సమాధానాలు: కారు టాపు గుడ్డ అంటించాలా, అతికించాలా?

సందేహం: నమస్తే సార్. మాది దేవరకొండ. మా ఇంట్ల ఇరవై ఏండ్ల నాటి పాత కారు ఉంది. లోపలి టాపు గుడ్డ జారి నెత్తికి తగుల్తుంటే నేను, మా బామ్మర్ది కలిసి ఇంట్లనే కొత్త గుడ్డ ఏసినం. ఎట్ల చేసినమో దోస్తుల గ్రూపుల రాసిన. "పాత గుడ్డ పీకినం, ఫోమ్ గీకినం, మడతలు పడకుంట కొత్తది అంటిచ్చినం" అని రాస్తే, అండ్లనే ఉన్న మా తెలుగు సారు దిద్దిండు. పీకినం కాదు తొలగించాము అనాలె, అంటించాము అంటే నిప్పు పెట్టుడు కాబట్టి అతికించాము అనాలె, హెడ్‌లైనింగ్‌ను, అంటే ఆ టాపు గుడ్డను, అంతరాచ్ఛాదనం అనాలె, ఏసినం కాదు వేశాము అనాలె అన్నడు. ఏది కరెక్టు?

సమాధానం: మీ సారు మీద గౌరవం ఉంచుకునే చెప్తున్న, ఆయన దిద్దినవాటిల ఒక్కటే సగం నిజం, మిగిలినయి అక్కర్లేనివి. నిజంగ దిద్దాల్సిన మాట ఒకటుంది, అది మాత్రం ఆయన కంట్ల పడలే.

ముందు పేరు సంగతి. అంతరాచ్ఛాదనం అంటే లోపల కప్పేది అనే కదా, ఆ లెక్కన బనీను కూడ అంతరాచ్ఛాదనమే. ఆ మాట పట్టుకొని నల్లగొండల సీటు కవర్లు కుట్టే షాపుకు పోతే కూసోవెట్టి మంచినీళ్లు ఇస్తరేమో గాని గుడ్డ మాత్రం ఇయ్యరు. పని చేసేటోళ్ల నోట్లె ఉన్నయి రూఫ్ లైనింగ్, టాపు లైనింగ్, కొందరైతే సీలింగ్ అంటరు. మీరు రాసిన టాపు గుడ్డ వినంగనే ఎవరికైనా అర్థమైతది, అదే ఉంచుకోండి. అట్లని లైనింగ్‌కు మన దిక్కు మాట లేదనుకోవద్దు. కోటుకు, షేర్వాణీకి లోపల ఏసే గుడ్డను పాత దర్జీలు అస్తర్ అంటరు, ఫార్సీల ఆస్తర్, ఉర్దూ మీదుగ మనకు వచ్చి అస్తరు అయింది. టాపు అస్తరు అంటే నా చెవికైతే సొంపుగనే ఉంటది, కానీ రెడీమేడ్ బట్టలొచ్చినంక ఆ మాట ఎరిగినోళ్లు తగ్గిన్రు, అందుకే వాడమని పట్టు పట్టను.

ఇంకా పాత మాట మేలుకట్టు, కావ్యాలల్ల కనిపిస్తది. ఇక్కడ మేలు అంటే మంచి అని కాదు, పైన అని. పైన కట్టే గుడ్డ, అంటే చాందినీ. ఈ మాట అంబాసిడర్ కారుకైతే అచ్చంగ సరిపోతది, ఎందుకంటే 2014ల తయారీ ఆగిపోయిన ఆ కారుల టాపు గుడ్డ పైన రేకుకు అంటించి ఉండేది కాదు, గుడ్డ వెనక సన్నటి సందులు కుట్టి, అండ్ల ఇనుప కమ్మీలు దూర్చి, కమ్మీల కొసలు రెండు పక్కల తగిలిచ్చి, అంచులు గుంజి పట్టించేటోళ్లు, అది నిజంగ కట్టిన గుడ్డ. మీ కారుది అట్ల కాదు, ఫోమ్ గీకినం అన్నరంటేనే తెలుస్తున్నది, అచ్చు పోసిన అట్ట మీద ఫోమ్, ఫోమ్ మీద గుడ్డ. కాబట్టి మేలుకట్టు మీకు నప్పదు.

ఇగ తొలగించాము. నిజం చెప్పాలంటే ఈ దిద్దుబాటు నాకు కోపం తెప్పించింది. ఆక్రమణలు తొలగిస్తరు, ఓటరు లిస్టుల పేర్లు తొలగిస్తరు, నౌకరీలకెల్లి మనిషిని తొలగిస్తరు, అది ఆఫీసు కాయితం మాట. మీరు చేసిన పని వరస పెట్టి చూడండి. ముందు అద్దం మీద ఎండ ఆపే సన్‌వైజర్లకు, పైన చేతితోని పట్టుకునే హ్యాండిళ్లకు స్క్రూలుంటయి, వాటిని ఇప్పుతరు. లైటు మీది కప్పును సన్నటి స్క్రూడ్రైవరు సందుల పెట్టి ఊడదీస్తరు. తలుపుల చుట్టున్న రబ్బరు బీడింగును గుంజుతరు. అద్దాల పక్కన టాపును మోసే పిల్లర్ల మీది ప్లాస్టిక్ పట్టీలు క్లిప్పుల మీద నిలవడి ఉంటయి, వాటిని పీకాలె, పీకేటప్పుడు టప్పుమని ఒక క్లిప్పన్నా ఇరుగుతది. అట్టను మెల్లగ కిందికి దించుతరు, ముందు సీట్లు పండవెట్టి వెనక దిక్కుకెల్లి బయటికి తీస్తరు. బయట బల్ల మీద ఏసినంక గుడ్డను ఒలుస్తరు, అట్టకు పట్టిన ఫోమ్‌ను బ్రష్షుతోని గీకుతరు, ఆ పొడి దులుపుతరు. ఇన్ని పనులకు ఇన్ని మాటలు మనకు పుట్టుకతోనే వచ్చినయి, అన్నిటి మీద తొలగించాము అని ఒక్క సున్నం కొడితే చదివినోడికి ఏం చెయ్యాల్నో ఎట్ల తెలుస్తది? ఇప్పాల్సిన కాడ పీకితే హ్యాండిలు చేతికొస్తది, మెల్లగ గీకాల్సిన కాడ గట్టిగ రుద్దితే అట్టనే పొరలు పొరలు లేస్తది. మాట తప్పితే పని కూడ తప్పుతది. ఒకటి మాత్రం, మీరు గుడ్డను పీకినం అన్నరు, పర్వాలేదు, కానీ ఒలిచినం అంటే ఇంకా సరిగ్గ ఉండేది, ఎందుకంటే పీకుడు గట్టిగ నాటుకున్నదాన్ని, మొలను, గడ్డిని, పన్నును, ఒలుచుడు మీద పొరలెక్క ఉన్నదాన్ని.

గుడ్డ జారింది అని రాసిన్రు చూడండి, అది మంచిమాట, ఊడింది అనేకన్న మంచిది. నడుమల ఇడిసి, అంచుల కాడ ఇంకా పట్టుకొని ఉంటది కాబట్టే కిందికి జారి వేలాడుతది. అసలు చెడింది గుడ్డ కానే కాదు, ఫోమ్. ఎండకు, తేమకు ఏండ్ల మీద అది చివికిపోతది, ముట్టుకుంటే పొడిపొడి రాలుతది. మన దగ్గర మే నెలల బయటనే 44, 45 డిగ్రీలుంటే ఆ రేకు కింద ఎంత ఉడుకుతదో మీకే తెలుసు. చివికిన ఫోమ్ మీద మళ్ల సొల్యూషన్, అంటే అంటించే జిగురు, కొట్టి పాత గుడ్డనే నొక్కేటోళ్లు ఉన్నరు, అది పొడికి అంటుకుంటది గాని అట్టకు అంటుకోదు, నెల తిరగకముందే మళ్ల నెత్తిన పడతది. అందుకే మొత్తం గీకి, మూడు మిల్లీమీటర్ల ఫోమ్ అంటుకొని వచ్చే కొత్త గుడ్డ ఏసుకోవాలె.

అంటించుడు సంగతికొస్తే, అంటు అంటే మొదట తాకుట. బురద అంటింది, అంటురోగం, మామిడి అంటు, అన్నీ ఆ వేరుకెల్లే. మంట కూడ ఒకదాన్ని తాకి ఇంకోదానికి పాకుతది కాబట్టి అంటుకున్నది అంటం. గోడకు పోస్టరు అంటించినం అంటే ఎవరన్న ఫైరింజన్‌కు ఫోన్ చేస్తరా, పక్కనున్న మాటలను బట్టే అర్థం తేలుతది. పైగ మన దిక్కు నిప్పు పెట్టుడుకు వేరే మాటనే ఉంది, గడ్డివాముకు అంటువెట్టిండు అంటం. మీరు అంటువెట్టినం అనలే కదా. సారు మాట సగం నిజం అని ఎందుకన్ననంటే, కారు టాపు అంటిచ్చినం అని గుడ్డ మాట ఇడిసిపెట్టి రాస్తే మాత్రం కొద్దిగ తికమకనే. ఇంకో సంగతి, ఆ సొల్యూషన్ ఆవిరి ఇట్టే అగ్గి అందుకుంటది, తలుపులన్నీ మూసి, పక్కన బీడీ ముట్టిచ్చి పని చేస్తే అంటించు మాటకు రెండర్థాలు ఒక్కసారే అయితయి.

మరి అతికించు ఎక్కడ? విడిపోయిన ముక్కలను మళ్ల కలిపి ఒక్కటి చేసే కాడ. ఇరిగిన బొక్క అతుకుతది, చినిగిన కాయితం అతికిస్తం, అతుకుల బొంత. అట్టను దించేటప్పుడు మూల ఇరిగిందనుకోండి, దాన్ని అతికించాలె, దాని మీద గుడ్డను అంటించాలె. స్టాంపు అతికించు అనేటోళ్లు కూడ ఉన్నరు, తప్పనను, కానీ రెండు మాటలు చేతిల ఉన్నప్పుడు రెండింటికీ పని చెప్పొచ్చు కదా.

ఇప్పుడు అసలు తప్పు. మడతలు పడకుంట అని రాసిన్రు, ముడతలు అనాలె. మడత మనం కావాలని పెట్టేది, ముడత మనం వద్దన్నా పడేది. చీరకు మడత, మొహానికి ముడత. మీ పనిల రెండూ వస్తయి కాబట్టే ఈ తేడా ముఖ్యం. గుడ్డ మొత్తం ఒక్కసారే పరిస్తే ముడతలు పడతయి, అందుకని అట్ట మీద గుడ్డను కొలత చూసి పరిచి, సగం మడత పెట్టి వెనక్కి తిప్పి, తేలిన సగానికి సొల్యూషన్ కొట్టి, నడుమలకెల్లి అంచుల దిక్కు అరచేతితోని నిమురుకుంట పోతరు, తర్వాత రెండో సగం. అంటే మడత పెడితేనే ముడత పడదు. ఒక్క కొమ్ము తోని పని ఉల్టా అయితది.

అన్నట్టు సొల్యూషన్ గురించి రాసేటప్పుడు ఎండినంక అని రాయకండి, ఆరినంక అనాలె. అట్టకు, ఫోమ్‌కు రెండిటికీ పట్టించి, ఏలితోని ముట్టుకుంటే తడి అంటకుండ జిగట మాత్రం తెలిసేదాక ఆగాలె, అది ఆరుడు. పూర్తిగ ఎండితే పట్టు పోతది. బట్టలు ఆరేస్తం, మిరపకాయలు ఎండబెడతం, ఈ తేడా మన ఇండ్లల్ల అందరికీ తెలుసు గాని రాసేటప్పుడే మర్చిపోతం.

ఏసినం మీద పెద్ద పంచాయితీ అక్కర్లేదు. వేసినాము అనేదే పాత రూపం, కోస్తా దిక్కు అది వేశాము అయింది, మన దిక్కు నకారం ఉంచుకొని వేసినం, ఏసినం అయింది. దోస్తులకైతే ఏసినం అనే రాయండి, ఏదన్న పత్రికకు పంపితే వకారం పెట్టి వేసినం అని రాయండి, వాళ్లు వేశాం అని మారిస్తే అది వాళ్ల ఇష్టం.