తాతయ్య అంబాసిడర్‌కి మెరుగు పెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. తాతయ్య కారుని షెడ్డులోంచి బయటికి తీశావంటే సంతోషమే. కానీ నువ్వు పంపిన ఫొటోలో బానెట్ మీద చింతపండు గిన్నె కనపడింది. అది ఇత్తడి బిందెలకు రా, బండికి కాదు. బాత్రూం యాసిడ్ ఆలోచన కూడా మానుకో, క్రోమ్‌ని తినేస్తుంది.

ముందు ఒక అయస్కాంతం తీసుకుని మెరిసే భాగాలన్నిటికీ ఆనించి చూడు. గట్టిగా పట్టుకుంటే కింద ఉన్నది ఇనుము, పైన క్రోమ్ పూత. పట్టుకోకుండా, చేతికి బాగా తేలిగ్గా ఉంటే అల్యూమినియం.

క్రోమ్ పని తేలిక. చపాతీలు చుట్టే ఫాయిల్ ఉండచుట్టి, నీళ్లలో ముంచి తుప్పు చుక్కల మీద రుద్దు. ఫాయిల్ క్రోమ్ కన్నా మెత్తన, గీతలు పడవు. పూతే పెచ్చులుగా లేచిపోతే మాత్రం రుద్ది లాభం లేదు, ప్లేటింగ్‌కి ఇవ్వాల్సిందే.

అసలు తలనొప్పి పక్కల బీడింగ్‌తోనే, అంటే బండి పక్కల వెంబడి ఉండే మెరిసే పట్టీలతోనే. చాలా పాత బళ్లలో అల్యూమినియం పట్టీల మీద అనోడైజింగ్ అని గాజులాంటి గట్టి పొర ఉంటుంది. మసకబారేది అదే. అది పోనిదే ఏ పాలిషూ కింది లోహాన్ని అంటదు. ఒక మూల పాలిష్ రాసి తుడువు. గుడ్డ నల్లబడితే లోహం తగిలినట్టు, నల్లబడకపోతే పొర ఇంకా ఉన్నట్టు. దాన్ని తీసేది కాస్టిక్ సోడా. ఆ పని ఇంట్లో పెట్టుకోకు. కళ్లు, చర్మం కాలిపోతాయి, పైగా అల్యూమినియం మీద పడితే మండే గ్యాస్ పొంగుతుంది. అనోడైజింగ్ చేసేవాళ్లకే ఇయ్యి.

పొర పోయాక వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, నీ చేతిపనే. 400 నంబరుతో మొదలుపెట్టి 800, 1200, 2000; నంబరు పెరిగేకొద్దీ కాగితం నున్నగా ఉంటుంది. సబ్బు నీళ్లతో, ఎప్పుడూ పట్టీ పొడవునే. ముందు పేపర్ గీతలు పూర్తిగా పోయేదాకా తర్వాతది ముట్టుకోకు. ఇక్కడే అందరూ తొందరపడతారు.

బఫింగ్‌కి, అంటే తిరిగే గుడ్డ చక్రం మీద మెరుగు పెట్టించడానికి, ఆటోనగర్ తీసుకొస్తే మాత్రం పట్టీ ఇచ్చేసి టీకి వెళ్లకు. నేను వెళ్లాను. చక్రం పైఅంచుని లాగేసుకుంది, తిరిగొచ్చేసరికి పట్టీ విల్లులా వంగి ఉంది. చక్రం దగ్గరి కుర్రాడి తప్పేం లేదు, కొత్తవాడు. పట్టీని చెక్కకి బిగించి, చక్రం కింది అంచు వైపు జారిపోయేలా పట్టించాలి. మడత పడ్డ అల్యూమినియం మళ్లీ తిన్నగా రాదు. అందుకే గుంటూరు నుంచి తెచ్చేటప్పుడు పట్టీలని పీవీసీ గొట్టంలో పెట్టుకుని రా.

విప్పేటప్పుడు బీడింగ్‌ని లాగకు. వెనక క్లిప్పులుంటాయి, ఒక్కొక్కటే వదులు చెయ్యి. ఏ క్లిప్పు ఎక్కడిదో ఫోన్‌లో ఫొటో తీసుకో.

మళ్లీ అనోడైజ్ చేయిస్తే సరే. లేకపోతే మైనం పాలిష్ రాయి, రెండు మూడు నెలలకోసారి మళ్లీ రాస్తూ ఉండాలి. నీడలోనే సుమా, మన మే నెల ఎండలో రేకు మీద మైనం రాస్తే మరకలు కట్టి కూర్చుంటుంది.

బానెట్ మీది అక్షరాలు మాత్రం నేను వచ్చేదాకా విప్పకు. వాటి కాడలు పుటుక్కున విరుగుతాయి.

మీ మామయ్య,
విజయవాడ