‘జబ్బు నాకు కాదు, మీకు’ అనే తమ్ముణ్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేదెలా?

ప్రశ్న: మా తమ్ముడికి 21 ఏళ్లు. కొన్ని నెలలుగా కాలేజీ మానేసి గదిలోనే ఉంటున్నాడు. కిటికీ సందులకు టేపు అంటించాడు. పక్కింటివాళ్లు తన ఫోన్ వింటున్నారట, తనని తిట్టడం వినిపిస్తోందట. రాత్రంతా మేలుకుని ఎవరికో జవాబు చెబుతుంటాడు. ఆస్పత్రికి రమ్మంటే ‘జబ్బు నాకు కాదు, మీకు’ అని తలుపేసుకుంటాడు. నాన్న రోజూ గొడవపడుతున్నారు. అమ్మేమో మాత్రలు తెచ్చి, వాడికి చెప్పకుండా తినేదాంట్లో కలిపేద్దామంటోంది. ఏం చేయాలి? – ఓ అక్క

జవాబు: మీరు రాసినవి సైకోసిస్ (లేని గొంతులు వినిపించడం, లేనివి ఉన్నాయని గట్టిగా నమ్మడం) లక్షణాల్లా ఉన్నాయి. ఉత్తరం చదివి జబ్బు పేరు చెప్పకూడదు, అది సైకియాట్రిస్టు చూసి తేల్చాల్సిందే. కానీ ‘ఇంకొన్నాళ్లు చూద్దాం’ అని మాత్రం ఆగొద్దమ్మా. చికిత్స ఆలస్యమయ్యేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది.

మీ తమ్ముడిది మొండితనం కాదు. తనకు జబ్బుందని తెలియకపోవడం కూడా చాలామందిలో ఈ జబ్బు లక్షణమే. ఏది పట్టించుకోవాలో ఏది వదిలేయాలో చెప్పే పనిలో మెదడులోని డోపమైన్ అనే రసాయనానిది పెద్ద పాత్ర. అది గాడి తప్పితే పక్కింటి తలుపు చప్పుడు, వీధిలో ఎవరో దగ్గడం కూడా తనని ఉద్దేశించి చేసినట్టే తోస్తాయి. ఆ గొంతులు తనకు నిజంగానే వినపడుతున్నాయి. అందుకే ‘అదంతా నీ భ్రమ’ అని మీరెంత వాదించినా వాడు నమ్మడు, పైగా మీరూ వాళ్లతో కలిశారనుకుంటాడు. అలాగని ‘అవును, వింటున్నారు’ అని తలూపకండి. ‘నాకైతే ఏమీ వినిపించడం లేదురా. కానీ నీకు ఎంత భయంగా ఉందో తెలుస్తోంది’ అనండి. రెండూ నిజాలే.

డాక్టరు దగ్గరికి దారి కూడా అక్కడే దొరుకుతుంది. జబ్బు ఒప్పుకోకపోయినా, నిద్ర లేదని, భయంగా ఉందని తనే ఒప్పుకుంటాడు. దాన్నే పట్టుకోండి. ‘ఎన్నాళ్లయిందిరా నువ్వు సరిగ్గా నిద్రపోయి? నిద్ర కోసం ఒకసారి చూపించుకుందాం, నేనూ వస్తా’ అని అడగండి. ఇంట్లో ఎవరి మాటకి వాడు కాస్త మెత్తబడతాడో వాళ్లే అడగాలి. నలుగురూ చుట్టుముట్టొద్దు. ససేమిరా అంటే, ముందు మీరొక్కరే వెళ్లి సైకియాట్రిస్టుతో మాట్లాడండి.

అమ్మగారి ఆలోచన మాత్రం వద్దు. డాక్టరు చూడకుండా, మోతాదు తెలియకుండా ఇవ్వడం ప్రమాదం. ఒకసారి బయటపడితే ఆ తర్వాత ఇంట్లో ముద్ద కూడా ముట్టడు. విషం పెడుతున్నారన్న అనుమానం ఈ జబ్బులో మామూలే, దాన్ని మనమే నిజం చేసినట్టవుతుంది.

సైకోసిస్‌కి కారణం ఒకటే కాదు. స్కిజోఫ్రెనియా (ఇలాంటి అనుమానాలు, గొంతులు దీర్ఘకాలం ఉండే మానసిక జబ్బు), బైపోలార్ (విపరీతమైన ఉత్సాహం, దిగులు మారి మారి వచ్చే జబ్బు), తీవ్రమైన డిప్రెషన్, గంజాయి లాంటి మత్తులు, కొన్నిసార్లు థైరాయిడ్, ఫిట్స్, మెదడు వాపు... అందుకే రక్తపరీక్షలు, అవసరమైతే స్కాన్ రాస్తారు. ఎక్కువగా టీనేజీ చివర్లో, ఇరవైల్లో మొదలవుతుంది. పెంపకం లోపం వల్ల వచ్చేది కాదు, అమ్మానాన్నలకి ఆ మాట గట్టిగా చెప్పండి.

మందులు మొదలుపెట్టాక ఆందోళన, నిద్ర కొన్ని రోజుల్లోనే కుదుటపడొచ్చు. అనుమానాలు, గొంతులు తగ్గడానికి వారాలు పడుతుంది. మందుల వల్ల మత్తుగా ఉండటం, బరువు పెరగడం, చేతులు వణకడం, కాలు కుదురుగా పెట్టలేకపోవడం లాంటివి కనిపిస్తే దాచకుండా డాక్టరుకి చెప్పండి. ఆయన మోతాదు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు. బాగైపోయాడని సొంతంగా ఆపడమే ఎక్కువమంది ఇళ్లలో జరిగే పొరపాటు. మొదటిసారి వచ్చినప్పుడు తగ్గాక కూడా సాధారణంగా ఏడాది, రెండేళ్లు వాడమంటారు. రోజూ మాత్ర వేసుకోవడం కష్టమైతే కొన్ని వారాలకోసారి వేసే ఇంజెక్షన్లున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి రెండు మందులు సరిగ్గా వాడినా గుణం కనిపించకపోతే క్లోజపైన్ అనే మందు ఉంది, దానికి క్రమం తప్పకుండా రక్తపరీక్ష తప్పనిసరి. మందులతో పాటు కౌన్సెలింగ్ కూడా అడగండి.

నాన్నగారితో విడిగా మాట్లాడండి. ఆయన కోపం వెనక ఉన్నది భయమే. కానీ ఇంట్లో ఎప్పుడూ తిట్లు, ఎత్తిపొడుపులు ఉంటే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుందని పరిశోధనల్లో పదేపదే తేలింది. అది ఆయనకి తెలియాలి.

చచ్చిపోతానన్నా, ఎవరినో ఏదైనా చేయమని గొంతులు చెబుతున్నాయన్నా, తిండీ నీళ్లూ మానేసినా, వాడు ఒప్పుకునేదాకా ఎదురుచూడొద్దు. వెంటనే ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఒంటరిగా వదలకండి, పదునైన వస్తువులు, ఇంట్లోని మందులు అందకుండా తీసేయండి.

ఈ రోజే ఒక కాగితం తీసి రాసి పెట్టండి: మార్పు ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎన్ని గంటలు, గంజాయి, మద్యం అలవాటుందా, వంశంలో ఎవరికైనా ఇలాంటిది వచ్చిందా, ఇప్పటికే వాడుతున్న మందులేమిటి. డాక్టరు ముందుగా అడిగేవి ఇవే.