అమెరికా పంపింది విమానాలకు రబ్బరు బిళ్ళలు మార్చడానికా?

ప్రశ్న: మాది తణుకు. మా అబ్బాయి టెక్సాస్‌లో ఏవియేషన్ మెయింటెనెన్స్ డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఇంటర్న్‌షిప్ అని ఊరి బయట ఒక చిన్న ఎయిర్‌పోర్టులో చేరాడు. మొన్న వీడియో కాల్‌లో చూస్తే మోచేతుల దాకా నల్లగా ఉన్నాడు. ఎప్పుడో 1967లో తయారైన విమానం కింద కూర్చుని చక్రాల దగ్గర రబ్బరు బిళ్ళలు మారుస్తున్నాడు. ఈ పంక్చర్ షాపు పనికేనా ఇంత అప్పు చేసింది? బంధువులందరూ పైలట్ ట్రైనింగ్‌లో చేర్చమంటున్నారు. ఇంకో లోన్‌కి బ్యాంకులో అడిగాను. రెండింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పగలరు.

జవాబు: పోల్చి చెబుతాను కానీ, ముందు ఒక మాట. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పెళ్ళిలోనో పేరంటంలోనో ఎవరైనా "అబ్బాయి ఏం చేస్తున్నాడు?" అని అడిగితే ఏం చెప్పాలన్నదే మీ అసలు బాధ అనిపించింది. హోటల్ మేనేజ్‌మెంట్ పిల్లాడు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ కనబడినా, నర్సింగ్ చదివే అమ్మాయి రోగికి పక్క మార్చానని చెప్పినా, తల్లిదండ్రులు నాకు ఇలాగే రాస్తారు. చదువు అంటే బల్ల దగ్గర కూర్చుని చేసేదని మన మనసులో ముద్ర పడిపోయింది.

మీరు చూసింది మూనీ అనే కంపెనీ విమానం అయి ఉండాలి. ఎం20 రకం. 1950ల నుంచి టెక్సాస్‌లోనే, కెర్‌విల్ అనే ఊళ్ళో తయారయ్యేవి. 1960లలో, 70లలో కట్టినవి ఇప్పటికీ బోలెడన్ని ఎగురుతున్నాయి. చాలా విమానాల్లో నేల తాకినప్పుడు కుదుపును నూనె, గాలి నింపిన గొట్టం తీసుకుంటుంది. మూనీలో ఆ గొట్టం ఉండదు. ఒకదాని మీద ఒకటి పేర్చిన గట్టి రబ్బరు డిస్కులు ఉంటాయి. వెనక చక్రాలకు నాలుగేసి, ముక్కు చక్రానికి మూడు, మొత్తం 11. దిగేటప్పుడు విమానం బరువంతా వాటి మీదే పడుతుంది.

రబ్బరు సంగతి మీకు తెలియనిది కాదు. ఎండలో వదిలేసిన చెప్పు అడుగు బిరుసెక్కి, తొక్కినా అణగదు, వంచితే పగుళ్ళిస్తుంది. డిస్కులూ అంతే. విమానం ఎగరకుండా షెడ్డులో ఉన్నా బరువు వాటి మీదే ఉంటుంది కాబట్టి, ఎన్ని గంటలు ఎగిరింది అన్నదానికన్నా వాటి వయసు ఎంత అన్నది ముఖ్యం. అందుకే తయారైన తేదీ రబ్బరు మీదే అచ్చుపోసి ఉంటుంది. విమానాన్ని జాక్‌ల మీద లేపితే మంచి డిస్కులు మళ్ళీ పొంగి తమ చోటు నింపుకుంటాయి. ముసలివి నొక్కుకుపోయినట్టే ఉండిపోతాయి. పైన సందు కనబడుతుంది, ఒక్కోసారి చేత్తో తిప్పితే తిరుగుతాయి కూడా. ముక్కు డిస్కులు అణిగిపోతే ముందు భాగం కిందికి దిగి, ప్రొపెల్లర్ అంచుకీ నేలకీ మధ్య ఎడం తగ్గుతుంది. ఈ విమానానికి అసలే ఆ ఎడం తక్కువ. పైగా దీని పెట్రోలు రెక్కల లోపలే, సీలెంట్ పూసిన అరల్లో ఉంటుంది. బిరుసెక్కిన రబ్బరు మీద దిగిన ప్రతిసారీ ఆ కుదుపు రెక్కకే తగులుతుంది.

ఇక మార్చడం. రెండు రెక్కల కిందా జాక్‌లు పెట్టి, ముక్కు లేవడానికి తోక దగ్గర బరువు కట్టాలి. డిస్కుల దొంతరను ప్రత్యేకమైన పనిముట్టుతో నొక్కి పట్టి, నట్టు తీసి, ఆ ఒత్తిడిని కొంచెం కొంచెంగా వదలాలి. పట్టు జారితే వేళ్ళు పోతాయి. కొత్తవి పాతవాటికన్నా ఎత్తుగా ఉంటాయి కాబట్టి ఆఖరి డిస్కు ఎక్కించడానికి చాలా తంటాలు పడాలి. అంతటితో అయిపోదు. విమానం జాక్‌ల మీద ఉండగానే చక్రాలను లోపలికి ముడిచి, దించి, కింద లాక్ పడే చోట బిగువు మాన్యువల్‌లో చెప్పినంత ఉందో లేదో టార్క్ రెంచ్‌తో కొలవాలి. ఆ కొలత తప్పితే దిగేటప్పుడు చక్రం ముడుచుకుపోయే ప్రమాదం ఉంది.

దీన్ని మీరు ఉత్తరంలో "పంక్చర్ షాపు పని" అని రాశారు. కోపం తెచ్చుకోకండి, ఆ మాట మీ అబ్బాయి దగ్గర అని ఉంటే మాత్రం చాలా తప్పు చేశారు. అమెరికాలో ఈ పనిని లైసెన్స్ ఉన్న మెకానిక్ చేయాలి, లేదా అతని కళ్ళెదుట, అతని పూచీ మీద మరొకరు చేయాలి. మీవాడిప్పుడు ఆ రెండో స్థానంలో ఉన్నాడు. పని అయ్యాక ఏం చేశారో, ఏ తేదీన చేశారో లాగ్‌బుక్‌లో రాసి, ఆ మెకానిక్ తన సర్టిఫికెట్ నంబరు వేసి సంతకం పెడతాడు. రేపు మీవాడికి ఏ అండ్ పీ లైసెన్స్ (విమానం బాడీకీ, ఇంజనుకీ చెల్లే అమెరికా మెకానిక్ లైసెన్స్) వస్తే ఆ సంతకం తనదే అవుతుంది. పెద్ద హ్యాంగర్లలో ఒక్కో బృందానికి ఒక్కో భాగమే అప్పగిస్తారు. చిన్న విమానాల షాపులో ఇంజన్, రెక్క, చక్రం, కాగితం అన్నీ ఒకే మనిషి చేతి మీదుగా వెళ్తాయి. ఇరవై ఏళ్ళ వయసులో ఇలాంటి చోటు దొరకడం అదృష్టం అంటాను నేను.

పైలట్ ట్రైనింగ్ గురించి నా అనుమానాలు దాచను. అది చెడ్డ దారి కాదు. ఎగరాలని పిల్లాడికే తపన ఉంటే నేనే ముందుండి పంపిస్తాను. కానీ మీ ఉత్తరంలో ఎక్కడా "మావాడికి ఎగరాలని ఉంది" అన్న మాట లేదు. అడిగింది బంధువులు. అరకోటికి అటూ ఇటూ ఖర్చు, ఏటా మెడికల్ పరీక్షల భయం, అక్కడ లైసెన్స్ తెచ్చుకున్నా ఇక్కడ మళ్ళీ డీజీసీఏ (మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ) పరీక్షలు, ఆపైన ఏదో ఒక రకం పెద్ద విమానం నడపడానికి టైప్ రేటింగ్ పేరుతో ఇంకో ఖర్చు. ఇదంతా అయ్యాక ఉద్యోగం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ, ఈఎంఐలు కట్టలేక నా ఎదురుగా కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్న పిల్లలున్నారు. యూనిఫామ్ ఫోటో చూసి మురిసిపోయిన బంధువులు ఈఎంఐ కట్టడానికి రాలేదు.

మీరు నిజంగా కంగారు పడాల్సింది గ్రీజు గురించి కాదు, వీసా గురించి. కాలేజీ ఇచ్చిన వీసా కాగితం, అంటే అబ్బాయి ఐ-20 మీద ఎఫ్-1 (మామూలు డిగ్రీ చదువులకి) అని ఉందా, ఎం-1 (వృత్తి కోర్సులకి) అని ఉందా చూడండి. ఎం-1 అయితే చదువు తర్వాత ప్రాక్టికల్ ట్రైనింగ్ ఎంత లాగినా ఆరు నెలలే, అక్కడే ఉండి ఎఫ్-1కి మారడమూ కుదరదు. డిగ్రీ అన్నారు కాబట్టి ఎఫ్-1 అయి ఉంటుంది, దానికి ఏడాది ఓపీటీ, అంటే చదువుకి సంబంధించిన పని చేసుకునే అనుమతి ఉంటుంది. ఆ తర్వాత హెచ్-1బీ ఉద్యోగ వీసా మాత్రం, డిగ్రీ తప్పనిసరైన ఉద్యోగాలకే. మామూలు మెకానిక్ ఉద్యోగానికి అది దొరకడం చాలా కష్టం. ఈ సంగతి కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పి ఉండరు.

తిరిగి రావాల్సి వచ్చినా చదివింది వృథా పోదు. ఏ అండ్ పీ చూపించగానే డీజీసీఏ లైసెన్స్ ఇచ్చేయదు, ఇక్కడి పరీక్షలు రాయాల్సిందే. అయితే శంషాబాద్‌లోనే జీఎంఆర్ ఏరో టెక్నిక్ లాంటి పెద్ద మెయింటెనెన్స్ కేంద్రం ఉంది. టార్క్ రెంచ్ పట్టడం, మాన్యువల్ చదవడం, చేసిన పని రాయడం వచ్చినవాడికీ పరీక్షలు మాత్రమే పాసైనవాడికీ తేడా అక్కడ మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు పైలట్ ఊసెత్తకండి. ఆ రోజు తీసిన పాత డిస్కు మీద ఏ సంవత్సరం ఉందో అడగండి, ఎంతసేపు చెబుతాడో వినండి. ఐ-20 కాపీ నాకు పంపండి. అది చూసి నేను మళ్ళీ రాసేదాకా బ్యాంకులో సంతకం పెట్టకండి.