టెక్సాస్‌లో బీఎస్ మొదటి సెమిస్టర్: ఎన్ని క్రెడిట్లు తీసుకోవాలి, కోర్ సబ్జెక్టులు ఏవి ఎంచుకోవాలి?

ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, ఆగస్టులో టెక్సాస్‌లో ఒక పబ్లిక్ యూనివర్సిటీలో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద కంప్యూటర్ సైన్స్ బీఎస్ (బ్యాచిలర్ డిగ్రీ)లో చేరుతున్నానన్నారు. మొదటి సెమిస్టర్‌కి 18 క్రెడిట్లు తీసుకుని తొందరగా కానిచ్చేయాలా, 12తో నెమ్మదిగా మొదలుపెట్టాలా, కోర్ (డిగ్రీ ఏదైనా అందరూ చదవాల్సిన సబ్జెక్టులు) లిస్టులో ఈజీ సబ్జెక్టులేవి అని అడిగారు.

నేను 2013లో గుంటూరు నుంచి సరిగ్గా ఇలాగే వెళ్లాను. 13 క్రెడిట్లు తీసుకుని ఇరుక్కుపోయాను. కాబట్టి ముందే చెప్పేస్తున్నా: 15 తీసుకోండి. 18 వద్దు, 12, 13 అసలే వద్దు.

18 ఎందుకు వద్దో సులువుగానే అర్థమవుతుంది. ఒక్కో క్రెడిట్‌కి వారానికి గంట క్లాసు, బయట ఇంకో రెండు గంటల చదువు అని అక్కడ లెక్క. 15 అంటేనే 45 గంటలు. డిగ్రీకి మామూలుగా 120 క్రెడిట్లు, ఎనిమిది సెమిస్టర్లు. 15 చొప్పున వెళ్తే నాలుగేళ్లలో అయిపోతుంది, తొందరేం లేదు.

12 వద్దనేది మాత్రం ఎవరూ చెప్పరు. ఎఫ్-1లో ఉన్న అండర్‌గ్రాడ్ (బ్యాచిలర్ డిగ్రీ విద్యార్థి) సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు చదవాలి. అందులోనూ ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే, అంటే 3 క్రెడిట్లే లెక్కలోకి వస్తాయి. ఇప్పుడు మీ దగ్గర 12 ఉన్నాయనుకోండి, ఒక సబ్జెక్టు తన్నేసింది. డ్రాప్ కొడితే 9. డీఎస్ఓ (యూనివర్సిటీలో ఎఫ్-1 విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి ముందుగా లేకుండా 12 కిందికి దిగితే వీసా స్టేటస్‌కే ఎసరు. 15 ఉంటే 3 క్రెడిట్ల సబ్జెక్టు ఒకటి వదిలేసినా ఇంకా 12 ఉంటాయి, ఎవరినీ బతిమాలక్కర్లేదు. ఆ మూడు క్రెడిట్లు చదువు కోసం కాదు, స్టెప్నీ టైరు అనుకోండి.

నాకా స్టెప్నీ లేదు. కాలిక్యులస్ 4, ప్రోగ్రామింగ్ 3, అమెరికా చరిత్ర 3, ఫిలాసఫీ 3. మ్యాథ్స్ 2ఏ, 2బీల్లో 75కి 75 తెచ్చుకున్నవాడిని కదా, భయమంతా ప్రోగ్రామింగ్ మీదే ఉండేది. తీరా చూస్తే కాలిక్యులస్‌లో సగానికి పైగా మన 1బీలో చేసిందే. ప్రోగ్రామింగ్ కష్టపడితే వచ్చింది. కొంప ముంచింది చరిత్ర.

మిడ్‌టర్మ్‌కి నీలం అట్ట ఉన్న పల్చటి పుస్తకం మనమే కొనుక్కుని వెళ్లాలి, బ్లూ బుక్ అంటారు. ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్‌ని (అమెరికా మొట్టమొదటి రాజ్యాంగం) సవరిస్తే సరిపోయేదా, కొత్త రాజ్యాంగం నిజంగా అవసరమా అని ప్రశ్న. నేను మన పద్ధతిలోనే రాశాను. పైన 'ఇంట్రడక్షన్', సైడ్ హెడ్డింగులు, 1781, 1787, 1788 తేదీల కింద స్కేలు పెట్టి గీతలు. ఒక్క తేదీ తప్పు పోలేదు. వందకి 58 వచ్చాయి. చివరి పేజీలో టీఏ (ప్రొఫెసర్‌కి సాయంగా పేపర్లు దిద్దే సీనియర్ విద్యార్థి) ఎర్ర పెన్నుతో రాసిన మాట ఇప్పటికీ గుర్తుంది: "ఇదంతా నాకు తెలుసు. నువ్వేమంటావు?" పన్నెండేళ్ల చదువులో నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

డ్రాప్ కొడదామంటే 13 పోయి 10 అవుతాయి. చదువు ఇబ్బందికి కూడా డీఎస్ఓ తక్కువ క్రెడిట్లకి అనుమతి ఇచ్చే వీలుందని నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో వీసా అన్న మాట వింటేనే గుండె దడ, ఆ ఆఫీసు మెట్లు ఎక్కనేలేదు. చివరికి సీ గ్రేడుతో బయటపడ్డాను. నాకు వచ్చిన చిన్న స్కాలర్‌షిప్ వల్ల బయటి రాష్ట్రం ఫీజు కాకుండా టెక్సాస్ వాళ్ల ఫీజు పడేది, అది నిలబడాలంటే జీపీఏ (4కి లెక్కేసే గ్రేడుల సగటు) 3.0 ఉండాలి. వసంతం సెమిస్టరంతా ఆ టెన్షన్‌తోనే గడిచింది.

ఇక మీ కోర్ ప్రశ్న. టెక్సాస్ పబ్లిక్ కాలేజీలన్నిట్లో కోర్ 42 క్రెడిట్లు. అందులో అమెరికా చరిత్ర 6, గవర్నమెంట్ 6 చట్టంలోనే ఉన్నాయి, ఏ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) అయినా తప్పించుకోలేరు. కమ్యూనికేషన్ 6, సైన్స్ 6, మ్యాథ్స్ 3. సోషల్ సైన్స్, క్రియేటివ్ ఆర్ట్స్, భాష-ఫిలాసఫీ-సంస్కృతి తలా 3. మిగతా 6 యూనివర్సిటీ ఇష్టం. మీ మేజర్‌కి ఎలాగూ చేయాల్సిన మ్యాథ్స్, ఫిజిక్స్ ఇందులోనే లెక్కకొస్తాయి, విడిగా కోర్ మ్యాథ్స్ అని ఇంకోటి తీసుకుని డబ్బులు తగలేయకండి. నా రూమ్మేట్ ఆ పని చేశాడు.

కోర్సు నంబర్లు చూసి బెదరొద్దు. చాలా కాలేజీలు ఒకే ఉమ్మడి నంబర్లు వాడతాయి. హిస్టరీ 1301 అంటే మొదటి అంకె ఏ ఏడాది స్థాయో, రెండో అంకె ఎన్ని క్రెడిట్లో చెబుతుంది. యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్, ఆస్టిన్‌లో మాత్రం మొదటి అంకే క్రెడిట్లు. హిస్టరీ 1301 అంటే అమెరికా చరిత్ర 1877 దాకా, 1302 అంటే అక్కణ్నుంచి. ఈ ఉమ్మడి నంబర్లున్న కోర్సులు కమ్యూనిటీ కాలేజీలో చేసినా సాధారణంగా బదిలీ అవుతాయి. నేను రెండో గవర్నమెంట్ కోర్సు వేసవిలో అలాగే చేశాను, ఫీజు బాగా తక్కువ పడింది. అయితే ముందు అడ్వైజర్‌తో సరేననిపించుకున్నాకే.

ఈజీవి ఏవి అంటే, ఇంటర్‌లో మార్కులు పడతాయని సంస్కృతం తీసుకున్న తెలివే ఇది. నేనూ తీసుకున్నాను, కాదనను. అక్కడ ఆ లెక్క పనిచేయదు, ఎందుకంటే ఒకే సబ్జెక్టు ఒక ప్రొఫెసర్ దగ్గర మల్టిపుల్ చాయిస్, పక్క సెక్షన్‌లో నాలుగు వ్యాసాలు. సబ్జెక్టు పేరు చూసి ఏమీ తెలియదు, సెక్షన్ చూడాలి. 2009లో టెక్సాస్ ఒక చట్టం తెచ్చింది: అండర్‌గ్రాడ్ కోర్సుల సిలబస్‌లు యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో లాగిన్ లేకుండా, హోమ్ పేజీ నుంచి మూడు క్లిక్కుల్లో దొరకాలని. ఇది తెలిసినవాళ్లు చాలా తక్కువ. అదే ప్రొఫెసర్ పోయిన ఏడాది పెట్టిన సిలబస్ తీసి, గ్రేడు దేనికెంతో చూడండి. రెండే పరీక్షలు, చెరో 50 శాతం అని ఉంటే వదిలేయండి. వారం వారం చిన్న క్విజ్‌లు, వ్యాసానికి ముందు డ్రాఫ్ట్ చూపించుకునే వీలు ఉంటే వెంటనే పట్టుకోండి. రేటింగ్ సైట్లలో 'ఈజీ ఏ' అని రాసేది చాలావరకు చిన్నప్పట్నుంచీ ఇంగ్లిష్‌లో వ్యాసాలు రాసి పెరిగినవాళ్లే, వాళ్ల ఈజీ మన ఈజీ కాదు.

నేనైతే ఇలా వేస్తాను: కాలిక్యులస్ 4, ప్రోగ్రామింగ్ 3, ఇంగ్లిష్ 1301 మూడు, క్విజ్‌లు ఎక్కువుండే సైకాలజీలాంటిది 3, కొత్తవాళ్లకిచ్చే సెమినారో మ్యూజిక్ అప్రిసియేషనో ఇంకో 2 లేదా 3. రాసే పని ఎక్కువుండే కోర్సు సెమిస్టర్‌కి ఒక్కటే, మొదట్లో అది ఇంగ్లిష్ 1301 కావాలి. నా టీఏ అడిగిన ప్రశ్నకి జవాబు రాయడం నేర్పేది ఆ క్లాసులోనే. చరిత్ర దాని తర్వాత. నేను 1302 ఏడాది ఆగి తీసుకుంటే బీ ప్లస్ వచ్చింది, సైడ్ హెడ్డింగ్ ఒక్కటీ లేకుండా.

టైమింగ్స్ గురించి ఒక మాట. సోమ, బుధ, శుక్రవారాల్లో క్లాసు 50 నిమిషాలు, మంగళ, గురువారాల్లో 75. అన్నీ మంగళ, గురువారాల్లో కుక్కేస్తే మూడు రోజులు ఖాళీ అనిపిస్తుంది, కానీ మిడ్‌టర్మ్‌లు కూడా ఒకే రోజు మీద పడతాయి. ఇక పొద్దున ఎనిమిది గంటల క్లాసు. రెసిడెన్షియల్ కాలేజీలో ఐదింటికే స్టడీ అవర్‌కి కూర్చున్నవాడిని, ఎనిమిదంటే నాకు లెక్కేంటి అనుకున్నాను. అక్కడ తలుపు బాదడానికి వార్డెన్ ఉండేవాడన్న సంగతి మర్చిపోయాను. ఆరు క్లాసులు ఎగ్గొట్టాను. అది చరిత్రే.

డ్రాప్ విషయంలో రెండు తేదీలు ఫోన్‌లో పెట్టుకోండి. ఒకటి 12వ క్లాస్ డే (సెమిస్టర్‌లో క్లాసులు నడిచే 12వ రోజు), సెన్సస్ డే అంటారు. ఈలోపు వదిలేస్తే ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనిపించదు. రెండోది డబ్ల్యూ గ్రేడుతో (మధ్యలో విత్‌డ్రా అయ్యారన్న గుర్తు) వదలడానికి ఆఖరి రోజు, అది కాలేజీని బట్టి మారుతుంది. 2007 నుంచి చేరినవాళ్లకి టెక్సాస్ పబ్లిక్ కాలేజీల్లో డిగ్రీ మొత్తానికి ఆరు డ్రాప్‌లే. సెన్సస్ డే లోపు వదిలినవి అందులోకి రావు. అందుకే మొదటి రెండు వారాల్లోనే మీ స్టెప్నీ వాడాలో వద్దో తేల్చుకోండి.

చివరిగా, మనవాళ్ల ఓరియెంటేషన్ చాలాచోట్ల ఆగస్టులోనే ఉంటుంది. అక్కడి పిల్లలు జూన్‌లోనే రిజిస్టర్ చేసేసి ఉంటారు, మంచి సెక్షన్లన్నీ నిండిపోతాయి. ఇక్కడ ఇంట్లో ఉండగానే పాత సిలబస్‌లు చూసి, ఒక్కో గడికి మూడేసి సెక్షన్లు కాగితం మీద రాసుకెళ్లండి. నా కాగితం మీద ఒక్కోదానికి ఒక్కటే ఉండేది. సైకాలజీ నిండిపోయిందని అడ్వైజర్ అన్నప్పుడు ఏం చెప్పాలో తెలియక, ఆమె స్క్రీన్ మీద ఖాళీగా కనిపించినదానికి తలూపాను. ఆ ఫిలాసఫీలో ఎవరూ ఎందుకు చేరలేదో రెండో వారానికి తెలిసింది.