పెట్టెల కంటే ముందు కందిరీగల సంగతి

చిరంజీవి లక్ష్మికి, పెద్ద మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

హైదరాబాదు ఉద్యోగం మానేసి మన కొబ్బరితోటలో పది తేనెటీగల పెట్టెలు పెడతానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెప్పడమేంటి, ఏడ్చినంత పని చేసింది. నేనూ దానికే వంత పాడాను. ఫోన్ పెట్టేశాక మాత్రం అటక మీంచి నా పాత పొగడబ్బా దించి తుడిచాను. నా తరవాత ఈ ఇంట్లో పెట్టె మూత తీసే మనిషి ఇంకొకరు వస్తారనుకోలేదు.

పెట్టెలు నీడపట్టున పెట్టు. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలుంచు, చీమలెక్కవు. ఇటాలియన్ ఈగల జోలికి ఇప్పుడే పోకు, నాటు ఈగలతో మొదలెట్టు. మిగతాది శిక్షణలో చెబుతారు. కందిరీగ దగ్గరికొచ్చేసరికి మాత్రం రెండు ముక్కల్లో తేల్చేస్తారు. నాకు నిద్రపట్టనిది అక్కడే.

మన తోటల్లో తిరిగేది నల్లగా ఉంటుంది, పొట్ట మొదట్లో పసుపు పట్టీ. వానలు వెనకబట్టాక వస్తుంది. పెట్టె గుమ్మానికి జానెడు దూరంలో గాల్లోనే ఆగి, మేత నుంచి బరువుగా దిగే ఈగను తన్నుకుపోతుంది. పక్కనున్న కొబ్బరాకుకి వెనక కాలితో వేలాడుతూ తల తుంచుతుంది, రెక్కలు కత్తిరిస్తుంది, పొట్ట పారేస్తుంది. మధ్యనున్న కండ ఒక్కటీ నమిలి ముద్ద చేసుకుని ఎగిరిపోతుంది. ఒకరోజు కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను, ఆకు కింద రెక్కలు కుప్ప పడ్డాయి. ఆ ముద్ద తన కోసం కాదు. దాని నడుం ఎంత సన్నమంటే గట్టిది మింగుడుపడదు, రసాలే తాగాలి. మాంసం గూట్లో పురుగు పిల్లలకి. అవి తిని నోట్లోంచి తియ్యటి నీరు వదిలితే పెద్దవి తాగుతాయి.

నాటు ఈగలంటే నాకెందుకంత ఇష్టమో ఇప్పుడు చెబుతాను. కందిరీగ గుమ్మం మీద వాలిందా, పదులకొద్దీ దాని మీద పడి పిడికిలంత ఉండగా అయిపోతాయి. కుట్టవు. రెక్కల కండలు అదిలించి వేడి పుట్టిస్తాయి. లోపల 46 డిగ్రీలు దాటుతుందని జపాన్‌లో కొలిచి చూశారు. ఆ వేడికి కందిరీగ చస్తుంది, మన ఈగ ఇంకో రెండు డిగ్రీలు ఓర్చుకుంటుంది. కాసేపటికి ఉండ విడిపోతే నల్లటి శవం కింద పడుతుంది. నేను చప్పట్లు కొట్టాను, మీ అత్తయ్య పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. అయితే రోజూ ఇదే గొడవైతే నాటు ఈగలు విసిగి పెట్టె వదిలేసి పోతాయి. 1988 దసరాల్లో నావి అలాగే రెండు పెట్టెలు పోయాయి.

కోపం నెత్తికెక్కింది. గూడెక్కడుందో వెతికాను. చెరువుగట్టు మీది చెట్టు మొవ్వులో, బిందెంత, చారల చారల కాగితంలా. చెక్క గీకి ఉమ్మితో కలిపి కడతాయి. తేనెటీగకి పొగపెడితే మెత్తబడుతుంది కదా, దీనికీ అంతే అనుకున్నాను. తేనెటీగ పొగ చూసి తేనె తాగేసి బరువెక్కుతుంది. కందిరీగ గూట్లో తాగడానికి తేనేదీ? పొగంటే దానికి యుద్ధమే. పైగా చీకటి పడితే నిద్రపోతాయని లెక్కేశాను. చీకటి పడితే జరిగేదల్లా మొత్తం మంద ఇంట్లో ఉండటం.

నేనెక్కలేదు లక్ష్మీ. కొబ్బరికాయల దింపు తీసే సత్తిబాబుని ఎక్కించాను, ఇంకో ఇరవై రూపాయలిస్తానని. చేతిలో కిరసనాయిలు కాగడా. ఒక కందిరీగ మెడ మీద వాలితే అరచేత్తో నలిపేశాడు. నలిగినప్పుడు వచ్చే విషం వాసనే మిగతావాటికి పిలుపట, ఆ సంగతి నాకు చాలా ఏళ్లకి తెలిసింది. తేనెటీగ ముల్లు మన ఒంట్లో ఊడిపోతుంది, దీని ముల్లు ఊడదు, ఒక్కటే ఎన్నిసార్లయినా కుడుతుంది. సత్తిబాబు చెట్టుని కావిలించుకునే జారాడు. ఛాతీ మీద తోలు లేచిపోయింది. కాట్లు ముప్పై దాకా లెక్కపెట్టి మానేశాను. ఊళ్లో సూది వేయించాం. వాపు తగ్గుతోందిలే అని ఊరుకున్నాను. మూడో రోజు వాళ్లావిడ పరిగెత్తుకొచ్చింది, మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తోందని. విషం కండనీ రక్తాన్నీ విరిచేస్తే ఆ తుక్కు కిడ్నీల్లో అడ్డం పడుతుంది. నెలన్నర పెద్దాసుపత్రిలో ఉన్నాడు. బతికాడు. మళ్లీ చెట్టెక్కలేదు, గట్టు దగ్గర బడ్డీకొట్టు పెట్టుకున్నాడు. నేను అటు వెళితే ఎప్పుడూ లేచి నిలబడేవాడు. నిలబడకపోతే బాగుండుననిపించేది.

అందుకని, బుద్ధిగా విను. గుమ్మానికి రాణి గేటు పెట్టు, తేనెటీగ పట్టి కందిరీగ పట్టనంత సందు చాలు. గూడు మొదలెట్టేటప్పుడు సాధారణంగా రాణి ఒక్కతే ఉంటుంది, నిమ్మకాయంత గూడు. పొదల్లో, చూరు కింద అప్పుడే చూసుకో. అది దాటిందంటే నీది కాదు ఆ పని. దూరంగా ఉంటే వదిలెయ్, గొంగళిపురుగుల్ని కూడా తింటుంది అది. మరీ దగ్గరైతే కాటు తగలని దుస్తులున్నవాళ్లని పిలువు. డబ్బులిస్తానని ఎవర్నీ చెట్టెక్కించకు. నువ్వు అలా చేశావని నా చెవినపడితే పెట్టెలన్నీ నేనే ఎత్తుకెళ్లిపోతాను, తమాషా కాదు.

ఇంకొకటి. ఏడేళ్లప్పుడు చీమ కుడితే నీ కనురెప్పలు వాచి రెండ్రోజులు కళ్లు తెరవలేదు, గుర్తుందా? నా ఒళ్లోనే పడుకున్నావు. పెట్టెలు కొనకముందే డాక్టరుకి ఆ మాట చెప్పి పరీక్ష చేయించుకో. కుట్టాక ఒళ్లంతా దద్దుర్లొచ్చినా, గొంతు బిగిసినా, కాట్లు ఎక్కువైనా ఇంటి వైద్యం వద్దు, తిన్నగా ఆసుపత్రికే.

పెట్టెలు దిగే రోజు ముందుగా చెప్పు. మోకాళ్లు సహకరించకపోయినా వస్తాను. నువ్వు పెట్టెలు సర్దుకో, నేను కుర్చీ వేసుకుని చెట్ల మొవ్వులు చూస్తూ కూర్చుంటాను.

ఆశీస్సులతో,
పెద్ద మావయ్య