ఇండ్‌క్యాట్‌కి రికార్డులు పంపేటప్పుడు తెలుగు పుస్తకాలను వదిలేయొచ్చా?

మీరు అడిగింది ఇది: యూనివర్సిటీ లైబ్రరీలో కొత్తగా చేరారు, లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాలో దాదాపు 60 వేల రికార్డులు (ఒక్కో పుస్తకం వివరాలు) ఉన్నాయి, వాటిని దేశంలోని యూనివర్సిటీ లైబ్రరీల ఉమ్మడి జాబితా ఇండ్‌క్యాట్‌కి పంపమని పైవాళ్లు చెప్పారు. ఎక్స్‌పోర్ట్ చేసి ఫైల్ పంపేస్తే సరిపోతుందా, తెలుగు పుస్తకాలతో తలనొప్పి కాబట్టి వాటిని పక్కనపెట్టి ఇంగ్లిష్‌వి మాత్రమే పంపొచ్చా అని.

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్తానండి. దయచేసి పక్కన పెట్టకండి. నేను 19 ఏళ్లుగా ఒక యూనివర్సిటీ లైబ్రరీలో క్యాటలాగింగ్ సెక్షన్‌లో ఉన్నాను. మేం మొదటిసారి సరిగ్గా ఆ పనే చేశాం, తరవాత చాలా బాధపడ్డాం.

యూనియన్ క్యాటలాగ్ అంటే ఒక పుస్తకానికి ఒకటే రికార్డు, దాని కింద అది ఏయే లైబ్రరీల్లో ఉందో ఆ పేర్లు. ఇండ్‌క్యాట్ మన దేశంలోని యూనివర్సిటీ లైబ్రరీలది. దాన్ని నడిపేది గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్. యూజీసీ 1991లో మొదలుపెట్టిన కార్యక్రమం అది, 1996లో స్వతంత్ర కేంద్రమైంది. మీరు పంపిన రికార్డు అక్కడ ఇప్పటికే ఉన్నదానితో సరిపోలితే దాని కింద మీ లైబ్రరీ పేరు చేరుతుంది. సరిపోలకపోతే కొత్త రికార్డు పుడుతుంది. ఇప్పుడు ఆలోచించండి. డిగ్రీ పిల్లలు చదివే ఎకనామిక్స్ టెక్స్ట్‌బుక్ రికార్డు మీరు పంపితే, అప్పటికే ఉన్న పెద్ద జాబితాలో మీదొక పేరు, అంతే. 1930ల్లో బెజవాడలోనో రాజమండ్రిలోనో అచ్చయి, ఎవరో పంతులుగారు మీ లైబ్రరీకి ఇచ్చిపోయిన వ్యాకరణ పుస్తకం సంగతి వేరు. మీరు చెప్పకపోతే అది ఉందని ఎవరికీ తెలియదు.

మొదటి ప్రశ్నకు వస్తే, ఎక్స్‌పోర్ట్ అరగంట పని. కోహాలో ఎక్స్‌పోర్ట్ టూల్ తెరిచి, లైబ్రరీ ఎంచుకుని, మార్క్ (లైబ్రరీ రికార్డులను కంప్యూటర్ చదివేలా రాసే పద్ధతి) ఫార్మాట్ అని పెడితే ఐఎస్ఓ 2709 ఫైల్ దిగుతుంది, ఆ రికార్డులను ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి పంపుకునే రూపం అది. అసలు పని దానికి ముందు ఉంటుంది. మాకు నెలన్నర పట్టింది.

అన్నిటికంటే ముందు రికార్డు నంబర్ల సంగతి చూసుకోండి. రికార్డులో ఒక్కో వివరానికి నంబరున్న ఒక్కో గడి ఉంటుంది, దాన్నే ఫీల్డ్ అంటారు. ప్రతి రికార్డులో 001 ఫీల్డ్‌లో మీ సొంత నంబర్ ఉంటుంది, 003లో ఆ నంబర్ ఏ సంస్థదో తెలిపే కోడ్. ఈ రెండూ కలిపితేనే "ఇది ఫలానా లైబ్రరీ వాళ్ల ఫలానా రికార్డు" అని ఎదుటివైపు తెలుస్తుంది. మేం మొదటి బ్యాచ్ పంపిన కొన్నేళ్లకు పాత సాఫ్ట్‌వేర్ నుంచి కోహాకి మారాం. డేటా మార్చిన వ్యక్తి కొత్త నంబర్లు వేశాడు. పాత నంబర్లు ఎక్కడా దాచలేదు, మేమూ అడగలేదు. రెండో బ్యాచ్ వెళ్లాక చూస్తే ఒకే పుస్తకం మా పేరు మీద రెండేసి సార్లు! ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ నంబర్) ఉన్నవి చాలావరకు కలిసిపోయాయి. అది లేనివి, అంటే తెలుగువి, జంటలుగా మిగిలాయి. మీ దగ్గర కూడా ఎప్పుడో సాఫ్ట్‌వేర్ మారి ఉంటే, పాత నంబర్లు వాటిని దాచుకునే 035 ఫీల్డ్‌లో ఉన్నాయో లేదో ఇవాళే చూడండి.

ఇక తెలుగు. దీన్ని కొంచెం నిదానంగా చెప్పాలి.

ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌ని అలాగే పంపకుండా మార్క్ రికార్డులు చూసి దిద్దే మార్క్‌ఎడిట్ అనే ప్రోగ్రామ్‌లో తెరవండి, అది ఉచితమే. మా పాత సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఫైల్‌ని అలా తెరిస్తే ఇంగ్లిష్ రికార్డులన్నీ బుద్ధిగా కనిపించాయి. మొదటి తెలుగు రికార్డు దగ్గర మొత్తం జారిపోయింది. రచయిత పేరులో సగం టైటిల్‌లోకి వచ్చింది, పబ్లిషర్ తోక పేజీల సంఖ్య దగ్గర వేలాడుతోంది. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక అర్థమైంది. రికార్డు మొదట్లో ఉండే లీడర్‌లో మొదటి ఐదు అంకెలు ఆ రికార్డు పొడవు. ఆ వెంటనే వచ్చే డైరెక్టరీలో ఏ ఫీల్డ్ ఎక్కడ మొదలై ఎంత పొడవుందో రాసి ఉంటుంది. ఈ లెక్క బైట్లలో ఉండాలి. "కథలు" అన్న మాట మన కంటికి మూడు అక్షరాలు. యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాలను దాచే పద్ధతి) లకారం వేరు, కొమ్ము వేరు, ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 12. ఆ సాఫ్ట్‌వేర్ బైట్లు కాకుండా గుర్తులు లెక్కపెట్టింది. దాంతో ఒక్కో ఫీల్డ్ తన చోటు తప్పింది. కోహాతో ఈ ఇబ్బంది నాకు రాలేదు. కానీ లీడర్‌లో 09వ స్థానం మాత్రం చూడండి. అక్కడ చిన్న 'ఏ' అక్షరం ఉంటే యూనికోడ్ అని అర్థం. ఖాళీగా ఉంటే తీసుకునే సిస్టమ్ మార్క్-8 అనే పాత అక్షర పద్ధతి అనుకుని చదవొచ్చు, అప్పుడు తెలుగంతా పిచ్చి గీతలే.

ఇంతకంటే ఘోరం 'అను ఫాంట్స్' అనే, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన రికార్డులు. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో ముత్యాల్లాంటి తెలుగు. వేరే చోట చూస్తే ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు కలిపి చల్లినట్టుంటాయి. మా దగ్గర అలాంటివి కొన్ని వేలు తేలాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాం గానీ, వత్తులు, సున్నాలు చాలాచోట్ల దెబ్బతిన్నాయి. ఎండాకాలం సెలవుల్లో ఇద్దరు ఎంలిబ్ (లైబ్రరీ సైన్స్ పీజీ) పిల్లలు కూర్చుని ఒక్కొక్కటీ చదివి దిద్దారు. దీనికి దగ్గరిదారి నాకు తెలియదు.

భాష కోడ్ కూడా చూసుకోండి. 008 ఫీల్డ్‌లో 35 నుంచి 37 వరకు ఉండే మూడు అక్షరాలు తెలుగుకి 'టీ ఈ ఎల్' ఉండాలి. మా టెంప్లేట్‌లో ముందే ఇంగ్లిష్ అని పెట్టి ఉండేది, ఎవరూ మార్చలేదు. రికార్డుల ప్రకారం మా తెలుగు పుస్తకాల్లో సగం ఇంగ్లిష్ పుస్తకాలే!

సంవత్సరం దగ్గర బాగా చిక్కు పడతారు. ఐఎస్‌బీఎన్ లేని పుస్తకం ఇంకో రికార్డుతో కలవాలంటే టైటిల్, రచయిత, సంవత్సరం, పేజీలు, ఇవే ఆధారం. పాత తెలుగు పుస్తకాల మీద "ఖర నామ సంవత్సరం" అని మాత్రమే ఉండొచ్చు. అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చే పేరు కాబట్టి అది 1891 కావచ్చు, 1951 కావచ్చు. ధర అణాల్లో ఉందని చూసి తేల్చలేం, నయా పైసలు వచ్చింది 1957లో కదా, రెండూ దానికి ముందువే. అలాంటి పుస్తకం ఒకటి నా బల్ల మీద వారం రోజులు ఉంది. చివరికి ముందుమాటలో రచయిత ఆలిండియా రేడియోలో చేసిన ప్రసంగం గురించి రాసుకున్నాడు. హమ్మయ్య, 1951. ఇలాంటివి తేలకపోతే సంవత్సరం పక్కన ప్రశ్నార్థకం పెట్టి పంపండి గానీ ఖాళీగా వదలకండి.

ముద్రణ వివరాలు బద్ధకించి వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి కన్యాశుల్కం చాలు. తొలి కూర్పు 1897, గురజాడ బాగా తిరగరాసిన రెండో కూర్పు 1909. దాదాపు వేరు వేరు నాటకాలు. తొలి కూర్పును కూడా తరవాతి కాలంలో మళ్లీ అచ్చువేశారు. 250 ఫీల్డ్‌లో ఏ కూర్పో రాయకపోతే రెండూ ఒకటే రికార్డు కింద కలిసిపోతాయి. తొలి కూర్పు కావాల్సిన పరిశోధకుడికి ఆ రికార్డు ఎందుకూ పనికిరాదు.

రోమన్ స్పెల్లింగ్ గురించి రెండు మాటలు. కన్యాశుల్కం అన్న ఈ ఒక్క టైటిల్‌నే 'ఏ' ఒకటి పెట్టి, రెండు పెట్టి, 'ఎస్' పక్కన 'హెచ్' పెట్టి, పెట్టకుండా మా దగ్గరే నాలుగు రకాలుగా రాశారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల ఢిల్లీ ఆఫీసు 1962 నుంచి మన పుస్తకాలు కొంటోంది కాబట్టి, జెడ్39.50లో (వేరే లైబ్రరీ క్యాటలాగ్‌లో మన సాఫ్ట్‌వేర్ నుంచే వెతికే పద్ధతి) వెతికితే చాలా తెలుగు పుస్తకాలకు వాళ్ల రికార్డు దొరుకుతుంది. అందులో టైటిల్ అక్షరాల మీద గీతలు, కింద చుక్కలతో రోమన్‌లో ఉంటుంది. తీసుకోండి, సిగ్గుపడక్కర్లేదు, కానీ తెలుగు లిపి చేర్చకుండా మళ్లీ బయటకు పంపకండి. రెండు లిపులూ పెట్టేటప్పుడు మార్క్ నియమం ప్రకారం తెలుగు, వేరే లిపి రూపానికి కేటాయించిన 880 ఫీల్డ్‌లో ఉండాలంటారు. మేం అసలు టైటిల్ ఉండే 245లో తెలుగు, టైటిల్ వేరే రూపం ఉండే 246లో రోమన్ పెట్టాం. మా పాఠకులు తెలుగులోనే వెతుకుతారు. ఏదైనా ఒకటే పద్ధతి, అన్ని రికార్డులకూ.

రచయితల పేర్లలోనూ ఇదే గొడవ. ఇంటిపేరు ముందా, పేరు ముందా అన్నది ఒకసారి తేల్చుకుని కాగితం మీద రాసి సెక్షన్‌లో గోడకి అంటించండి. మనుషులు మారినా గోడ మారదు.

ఇవన్నీ 60 వేలకూ ఒకేసారి చేయాలని టెన్షన్ పడకండి. ముందు 100 రికార్డులు తీయండి. అందులో సగం తెలుగువి, ఐఎస్‌బీఎన్ లేనివి, రెండు మూడు సంపుటాలున్నవి కావాలనే ఏరుకోండి. పంపి, అవి అక్కడ ఎలా కనిపిస్తున్నాయో మీ కళ్లతో చూశాక మిగతావి పంపండి.

ఆఖరిది, చాలామంది మర్చిపోయేది, విత్‌డ్రా చేసిన పుస్తకాలు. అవి పోయాయని కూడా యూనియన్ క్యాటలాగ్‌కి చెప్పాలి. లీడర్‌లో 05వ స్థానంలో కొత్త రికార్డుకి 'ఎన్', దిద్దినదానికి 'సీ', తీసేసినదానికి 'డీ' పెడతారు. మేం కొత్తవి పంపేవాళ్లం, 'డీ' ఒక్కటీ పంపలేదు. ఒకరోజు రాయలసీమ నుంచి రాత్రంతా బస్సులో ప్రయాణం చేసి ఒక పీహెచ్‌డీ విద్యార్థి వచ్చాడు. చేతిలో ప్రింటవుట్, దాని మీద మా లైబ్రరీ పేరు, కాల్ నంబర్‌తో సహా. ర్యాక్ దగ్గరికి తీసుకెళ్లాక గుర్తొచ్చింది, ఆ వరసకి మూడేళ్ల కిందట చెదలు పట్టి మొత్తం రద్దు చేశాం. టీ తాగించి, అదే పుస్తకం ఇంకెక్కడైనా ఉందేమోనని మధ్యాహ్నం దాకా ఫోన్లు చేశాను, దొరకలేదు. అప్పటినుంచి విత్‌డ్రాయల్ రిజిస్టర్‌లో నేనే ఒక గడి ఎక్కువ గీయించాను, 'డీ పంపిన తేదీ' అని. ఆ గడి నిండందే నేను సంతకం పెట్టను.