నేను ఇవ్వని గోల్

ఫుట్‌బాల్‌లో వీడియో రిఫరీ పొరపాట్లను పట్టుకుంటున్నట్టే, మరణం తరువాత మన జీవితాన్ని కూడా ఎవరైనా తిరిగి చూసి తప్పొప్పులు తేలుస్తారా, అసలు ఆ తరువాత జీవితమంటూ ఉందా అని మీరు అడిగారు. నేను విశాఖపట్నంలో పద్దెనిమిదేళ్లుగా స్థానిక పోటీలకు రిఫరీగా ఉన్నాను. మీ ప్రశ్నలోని రెండు సంగతులూ నాకు ఒకే మనిషిని గుర్తుచేస్తాయి కాబట్టి, ఆయనతోనే మొదలుపెడతాను.

2016లో పెదవాల్తేరు వైపు జరిగిన ఒక చిన్న పోటీ ఫైనల్‌లో అల్లిపురం కుర్రాళ్ల జట్టు ఒక గోల్ వెనుకబడి ఉంది. ఇంకా నాలుగు నిమిషాలు ఉందనగా వాళ్లు కొట్టిన బంతి క్రాస్‌బార్ అడుగున తగిలి, నేల మీద పడి, బయటికి వచ్చేసింది. బంతి మొత్తం గీత దాటితేనే గోల్. ముప్పై గజాల దూరం నుంచి అది దాటినట్టు నాకు కనిపించలేదు, అందుకే ఇవ్వలేదు. వాళ్ల కోచ్ పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన. నా మీదికి రాబోయిన పిల్లలను ఆయనే వెనక్కి పిలిచి, "రిఫరీ గారు చూశారు, మీరు ఆడండి" అన్నారు. ఆ రాత్రి గోల్ వెనుక నుంచి ఎవరో ఫోన్‌లో తీసిన వీడియో నాకు చేరింది. అందులో గీత దాటి లోపల పడిన బంతికీ గీతకూ మధ్య జానెడు ఖాళీ ఉంది.

ఇలాంటి బంతి గొప్ప గొప్ప మైదానాల్లోనూ మనుషులను ఇబ్బంది పెట్టింది. 1966 ప్రపంచకప్ ఫైనల్‌లో ఇంగ్లండ్ ఆటగాడు జెఫ్ హర్స్ట్ కొట్టిన బంతి గీత దాటిందా లేదా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. 2010లో జర్మనీ మీద ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టిన బంతి స్పష్టంగా దాటినా గోల్ దక్కలేదు. 2012లో, బంతి గీత దాటిందో లేదో యంత్రంతో తేల్చే గోల్‌లైన్ సాంకేతికతకు ఆమోదం లభించింది, 2018లో వీడియో రిఫరీ ఆట నియమావళిలో చేరాడు. అయితే అతని అధికారం మనం అనుకునేంత పెద్దది కాదు. గోల్, పెనాల్టీ, నేరుగా చూపే రెడ్‌కార్డు, ఒకరికి బదులు మరొకరికి కార్డు చూపడం లాంటి కొద్ది సందర్భాల్లోనే, అదీ స్పష్టమైన పొరపాటు జరిగితేనే అతను జోక్యం చేసుకుంటాడు. చివరి మాట మైదానంలోని రిఫరీదే. పైగా ఆట మళ్లీ మొదలైతే, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, వెనక్కి వెళ్లి చూసే వీలు లేదు. ఒక రిఫరీగా నాకు అన్నిటికన్నా బరువుగా తోచేది ఈ చివరి నిబంధనే.

మరణం విషయంలోనూ కెమెరా లాంటి ఏర్పాటు చేసి చూసినవాళ్లు ఉన్నారు. గుండె ఆగి తిరిగి బతికినవారిలో కొందరు, తమ శరీరాన్ని పైనుంచి చూశామని చెబుతారు. దీన్ని పరీక్షించడానికి శామ్ పార్నియా అనే వైద్యుడి బృందం బ్రిటన్, అమెరికా, ఆస్ట్రియాలలోని 15 ఆసుపత్రుల్లో, పైకప్పు నుంచి చూస్తే తప్ప కనిపించని బొమ్మలను అరల మీద ఉంచింది. గుండె ఆగిన 2,060 సంఘటనలను పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించింది. తమను బతికించే ప్రయత్నాన్ని చూశామని స్పష్టంగా చెప్పినవారు ఇద్దరే. ఒకరి మాటలు జరిగినదానితో సరిపోయాయి, కానీ ఆ ఇద్దరి గుండె ఆగిన చోటా అరలే లేవు. కెమెరా లేని మూల జరిగిన ఫౌల్ మీద నేను ఎటూ తీర్పు చెప్పలేను, దీని మీదా అంతే. నచికేతుడు ఇదే అడిగినప్పుడు యముడంతటివాడు, ఇందులో దేవతలకే సందేహం కలిగింది, వేరే వరం కోరుకోమన్నాడని మనవాళ్లు చెప్పుకున్నారు. ఆ నిజాయితీ మీద నాకు గౌరవం ఉంది.

ఆ కోచ్ మరుసటి ఏడాది వేసవిలో గుండెపోటుతో పోయారు. ఆ మధ్యకాలంలో నేను ఆయనను రెండుసార్లు కలిశాను, ఒకసారి పూర్ణా మార్కెట్ దగ్గర ఐదు నిమిషాలు నిలబడి మాట్లాడాను కూడా, అయినా ఆ గోల్ సంగతి నోరు దాటి రాలేదు. శవయాత్ర చావులమదుం గుండా జ్ఞానాపురం శ్మశానానికి సాగుతుంటే వెనుక నడుస్తూ, ఈయన ఎక్కడో ఒకచోట ఉండాలని, నా మాట వినాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను. పదో రోజున వాళ్ల ఇంటికి వెళ్లి కొడుకుతో అంతా చెప్పాను. "నాన్న ఆ వీడియో చూశారండి. రిఫరీ గారు ఒకసారి వస్తారులే అనేవారు" అన్నాడు.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది. మరణం తరువాత జీవితం ఉందనడానికి నాకు ఆధారం కనబడలేదు, లేదని తేల్చే ఆధారమూ కనబడలేదు, ఉంటే బాగుండునని మాత్రం మనసారా కోరుకుంటున్నాను. చిత్రగుప్తుడి చిట్టా నిజమే అయితే, అందులో నేను ఇవ్వని గోల్ చిన్న పద్దే అవుతుంది, వీడియో చూశాక కూడా నోరు మెదపకుండా గడిపిన ఆ నెలలు దానికన్నా పెద్ద పద్దు. నేను కోరేది తీర్పు కాదు, ఆయన ఎదుట ఒక్కసారి నిలబడే అవకాశం. మన స్థానిక మైదానాల్లో ఇప్పటికీ వీడియో రిఫరీ లేడు. నా తప్పు ఎవరి ఫోన్‌లోనైనా కనిపించిన రోజున, రాత్రి ఎంత ఆలస్యమైనా నేను నష్టపోయిన జట్టు కోచ్ ఇంటికి వెళుతున్నాను. ఈ ఏడాది మూడుసార్లు వెళ్లాను.